అండమానా, శ్రీలంకా, బాలీనా? గుహలూ జలపాతాలూ చూడాలనుకునే సిక్కోలు, విజయనగరం వాళ్ళ కోసం

దీవికి వెళ్ళి గుహలు చూద్దామనుకునే వాళ్ళలో మన రెండు జిల్లాల వాళ్ళకు మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటుంది. మన పక్కనే బొర్రా గుహలు ఉన్నాయి. కొత్తవలసలో కిరండూల్ లైన్ రైలెక్కితే చాలు, ఎస్.కోట దాటి, సొరంగాల్లో దూరుతూ కొండెక్కి గుహల స్టేషన్లోనే దింపుతుంది. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న కొండలో, దాదాపు 80 మీటర్ల లోతు దాకా దిగే గుహ అది. దాన్ని స్కూల్ ఎక్స్‌కర్షన్‌లోనే చూసేసిన వాడికి, వేలకు వేలు పెట్టి దీవికెళ్ళి చూసిన గుహ "ఇంతేనా?" అనిపించే ప్రమాదం ఉంది.

జలపాతాల సంగతీ అంతే. బొర్రా దగ్గర కటికి ఉంది, సీతంపేట వైపు మెట్టుగూడ ఉంది. వానాకాలంలో ఏజెన్సీ గెడ్డలన్నీ చిన్న జలపాతాలే. బీచ్‌లకైతే ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా కొదవే లేదు. కాబట్టి దీవికి వెళ్తే మన దగ్గర దొరకనిదేదో చూడాలి. "టాప్ టెన్" జాబితాలు ఈ లెక్క వెయ్యవు, ఎందుకంటే వాటిని మన ఊరి వాళ్ళ కోసం రాయరు.

ఇక్కడి వాళ్ళు ఎక్కువగా అడిగేది మూడు చోట్ల గురించి: అండమాన్, శ్రీలంక, బాలి. మధ్యలో ఎవరో ఒకరు లక్షద్వీప్ అంటారు. దాని సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను.

## ముందు నెల చూడండి, తర్వాతే దీవి

అందరూ ముందు దీవిని ఖాయం చేసుకుని, తర్వాత సెలవులు చూసుకుంటారు. నా మాట వింటే దీన్ని తిరగేయండి. మన సెలవులు సంక్రాంతి, వేసవి, దసరా. ఈ మూడు కాలాల్లోనూ బాగుండే దీవి ఏదీ లేదు. జలపాతానికి వాన కావాలి, గుహకు వాన ఉండకూడదు, పడవకు సముద్రం నెమ్మదిగా ఉండాలి. ఈ మూడూ ఒకే నెలలో కుదరడం అరుదు.

| మన సెలవు | అండమాన్ | శ్రీలంక | బాలి |
|---|---|---|---|
| సంక్రాంతి | అన్నిటికన్నా మంచి కాలం, సముద్రం నెమ్మది | దక్షిణ, పడమర తీరాలు బాగుంటాయి. తూర్పు, ఉత్తరాల్లో వాన మిగిలి ఉండొచ్చు | గట్టి వానలు, పడవలకు అంతరాయం |
| ఏప్రిల్ ఆఖరు, మే మొదట్లో | ఎండ, ఉక్కపోత; మే సగం దాటితే వానలు | మధ్యాహ్నం దాటాక ఉరుముల వానలు, జలపాతాల్లో నీళ్ళు | పొడి కాలం మొదలు |
| జూన్ | వానలు, ఫెర్రీలు రద్దయ్యే అవకాశం | పడమటి కొండల్లో వాన. దంబుల్లా, సిగిరియా వైపు పొడి | చాలా బాగుంటుంది |
| దసరా | వానలు, తుపాను టెన్షన్ | కొండ ప్రాంతాల్లో వానలు ఎక్కువ | పొడి కాలం చివర, ఇంకా బాగానే ఉంటుంది |

దసరాకు అండమాన్ అనే వాళ్ళకు ఒక మాట. 2014 అక్టోబరులో మనల్ని చావగొట్టిన హుద్‌హుద్, విశాఖ తీరానికి రావడానికి నాలుగు రోజుల ముందు అండమాన్ దీవుల మీదుగానే వచ్చింది. అక్టోబరు, నవంబరుల్లో అక్కడ ఆకాశం ఎప్పుడు మారుతుందో చెప్పలేం. ఫెర్రీ ఒక్కరోజు ఆగిందంటే మిగతా బుకింగులన్నీ వరసగా పోతాయి.

నెల తర్వాత చూసుకోవాల్సింది మోకాళ్ళు. గుహలు, జలపాతాలు అంటే దాదాపు అన్ని చోట్లా మెట్లే. దిగడం ఎవరైనా దిగుతారు, కష్టమంతా ఎక్కి రావడంలోనే. ఆ తర్వాత పడవ పడుతుందా లేదా అన్నది. చివరికి పాస్‌పోర్టు. ఇంట్లో నలుగురికీ పాస్‌పోర్టులు లేకపోతే ఈ ఏడాదికి అండమానే అనుకోండి, పోలికతో పనిలేదు.

## అండమాన్: గుహ కన్నా గుహ దారి గొప్పది

మన తీర మండలాల్లో అండమాన్ పేరు కొత్త కాదు. పనికోసం వెళ్ళి అక్కడే స్థిరపడిన కుటుంబాలు బోలెడు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు సుమారు 13 శాతం. పోర్ట్‌బ్లెయిర్ మార్కెట్లో తెలుగు వినబడుతుంది, తెలుగు భోజనం దొరుకుతుంది. 2024లో ఆ ఊరికి శ్రీవిజయపురం అని పేరు మార్చారు కానీ, మన వాళ్ళ నోట ఇంకా పోర్ట్‌బ్లెయిరే. మొదటిసారి దూరం వెళ్ళే పెద్దవాళ్ళకు ఈ భాషా, భోజనం పెద్ద ధైర్యం.

గుహలంటే ఇక్కడ బారాటాంగ్. పోర్ట్‌బ్లెయిర్ నుంచి రోడ్డు మీద సుమారు 100 కిలోమీటర్లు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో హోటల్ వదలాలి. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ వరస కడతాయి, నిర్ణీత సమయాల్లో కాన్వాయ్‌గా వదులుతారు. తర్వాత మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బస్సులనూ మనుషులనూ కలిపి దాటించే ఫెర్రీ. అవతల చిన్న స్పీడ్ బోటు ఎక్కితే మడ అడవుల మధ్య సన్నటి కాలవలో అరగంట. రెండు వైపుల చెట్లు పైన కలుసుకుని పందిరి వేసినట్టుంటుంది. దిగాక అడవిలో, పొలాల గట్ల మీద ఒకటిన్నర కిలోమీటరు నడక. అప్పుడొస్తుంది గుహ.

గుహ మాత్రం సన్నటి సందు లాంటిది. లోపల కరెంటు దీపాలు లేవు, గైడు టార్చి వేసి చూపిస్తాడు. పైకప్పు నుంచి రాతి ఊడలు వేలాడుతుంటాయి. వాన నీరు సున్నపురాయిని కరిగించుకుని చుక్కచుక్కగా జారుతూ, ఆ సున్నాన్ని పేరబెట్టుకుంటూ పోతే ఏర్పడినవే అవన్నీ. బొర్రాలోనూ జరిగిందిదే. బొర్రాలో రంగు లైట్లు, జనం, మెట్లు. ఇక్కడ చీకటి, తడి, నిశ్శబ్దం. పరిమాణంలో బొర్రాతో పోటీ లేదు. పావుగంటో ఇరవై నిమిషాలో చూసే గుహ కోసం పన్నెండు గంటల పైన ప్రయాణం. మడ అడవుల్లో ఆ పడవ ప్రయాణం ఇష్టమైతే బారాటాంగ్ వెళ్ళండి. గుహ కోసమే అయితే వద్దు.

దగ్గర్లోనే బురద అగ్నిపర్వతం ఉంది. పేరు విని ఏదో ఊహించుకోకండి. భూమిలో కుళ్ళిన పదార్థాల నుంచి పుట్టిన వాయువులు బురదను పైకి నెడుతుంటాయి, చిన్న దిబ్బ మీద బుడగలు వస్తుంటాయి. పిల్లలకు నచ్చుతుంది, పెద్దలు రెండు నిమిషాల్లో వెనక్కి తిరుగుతారు. అసలైన అగ్నిపర్వతం బ్యారెన్ దీవి. దేశంలో చురుగ్గా ఉన్న అగ్నిపర్వతం అదొక్కటే. పోర్ట్‌బ్లెయిర్‌కు దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది, ఒడ్డున దిగనివ్వరు, పడవలోంచే చూడాలి.

బారాటాంగ్ గురించి ఇంకో సంగతి చెప్పకుండా వదిలితే తప్పు. ఆ రోడ్డు జరవా తెగ వారి రిజర్వు అడవి గుండా వెళ్తుంది. అక్కడ బండి ఆపకూడదు, ఫోటో తీయకూడదు, తినుబండారాలు ఇవ్వకూడదు. ఇవి మర్యాద కోసం పెట్టిన మాటలు కావు, 1956 నాటి రక్షణ చట్టం కింద జైలు శిక్షలున్నాయి. ఆ రోడ్డును మూసేయమని 2002లో సుప్రీంకోర్టే చెప్పింది, అయినా బండ్లు నడుస్తూనే ఉన్నాయి. "దారిలో జరవాలు కనబడతారంట" అని ఉత్సాహపడే టూర్ ఏజెంటు దగ్గర టికెట్ తీసుకోకండి. ఈ ఒక్క కారణంతో బారాటాంగ్ మానేసినా యాత్రకు లోటేమీ రాదు, ఎందుకంటే షహీద్ ద్వీప్ ఉంది.

షహీద్ ద్వీప్ అంటే పాత నీల్ ఐలాండ్. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో సముద్రమే తొలిచిన రాతి వంతెన ఉంది. అక్కడి బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జి అంటారు. దానిదాకా పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడే నడవగలం. అప్పుడు రాళ్ళ మధ్య గుంటల్లో నీరు నిలిచి ఉంటుంది. అందులో పగడాలు, సముద్రపు దోసకాయలు, చిన్న చేపలు. చేపల కోసం నీళ్ళలో దిగక్కర్లేదు, వంగి చూస్తే చాలు. మన తీరంలో ఎక్కడా దొరకని దృశ్యం ఇదీ. అమావాస్య, పున్నమి రోజుల్లో నీరు బాగా వెనక్కి పోతుందన్నది కళింగపట్నం, భావనపాడు చేపల వేటగాళ్ళ ఇళ్ళలో పిల్లలకు కూడా తెలిసిన లెక్క. టికెట్ తీసేముందు పాటు ఏ గంటకో నెట్‌లో చూసుకోండి. చాలామంది ప్యాకేజీలో పడి పోటు వేళకు అక్కడ దిగి, నీళ్ళు చూసి వచ్చేస్తారు. కాళ్ళకు గట్టి చెప్పులు ఉండాలి. రాయి నాచుతో జారుతుంది, కోస్తుంది కూడా.

జలపాతాలే ముఖ్యమైతే అండమాన్ కొట్టేయండి. లిటిల్ అండమాన్‌లో వైట్ సర్ఫ్, విస్పర్ వేవ్ అని రెండున్నాయి. కానీ అక్కడికి పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఓడలో గంటల ప్రయాణం, ఓడ వేళలు మనం అనుకున్నట్టుండవు. అయిదారు రోజుల టూరులో కుదిరే పని కాదు. ఉత్తరాన దిగ్లిపూర్ వైపు అల్‌ఫ్రెడ్ గుహలు, 732 మీటర్ల శాడిల్ పీక్, రాస్, స్మిత్ అనే రెండు దీవులను కలిపే ఇసుక దారి ఉన్నాయి. నడవగలిగే కుర్రాళ్ళు, వారం పైన సెలవున్నవాళ్ళు రద్దీగా ఉండే స్వరాజ్ ద్వీప్‌లో (పాత హేవ్‌లాక్) రోజులు తగ్గించుకుని అటు వెళ్తే బాగుంటుంది.

ఎలా వెళ్ళాలి? విమానమైతే ఎక్కువగా చెన్నై, కోల్‌కతా లేదా హైదరాబాద్ మీదుగా. మన స్టేషన్లు హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీదే ఉన్నాయి కాబట్టి రాత్రి రైలెక్కి చెన్నైలోనో కోల్‌కతాలోనో పొద్దుటి విమానం అందుకోవడం ఒక పద్ధతి. డబ్బు కలిసొస్తుంది. అయితే రైలు ఆలస్యమైతే విమానం పోతుంది, మధ్యలో ఒక రోజు పెట్టుకోండి. ఇచ్ఛాపురం, కవిటి వాళ్ళకు విశాఖ కన్నా భువనేశ్వర్ ఎయిర్‌పోర్టే దగ్గర. రెండు చోట్లా రేట్లు పోల్చండి.

ఓడ సంగతి చాలామంది అడుగుతారు. విశాఖ రేవు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు నెలకొకసారి ప్రయాణికుల ఓడ వెళ్తుంది, సుమారు 56 గంటలు పడుతుంది. అక్కడ బంధువులున్నవాళ్ళకు, సామాను ఎక్కువున్నవాళ్ళకు అది పనికొచ్చేదే. రెండున్నర రోజులు నాలుగు వైపులా నీరు తప్ప ఏమీ కనబడకపోవడం కూడా ఒక అనుభవమే, కాదనను. అయిదు రోజుల సెలవు పెట్టి వెళ్ళేవాళ్ళు మాత్రం ఓడ మాట ఎత్తకండి. తారీఖులు మారుతుంటాయి, తిరుగు ఓడ మన సెలవు కోసం ఆగదు.

## శ్రీలంక: జలపాతాలకు మొదటి మార్కు

జలపాతాల కోసమే దీవికి వెళ్ళాలంటే మూడింట్లో నా ఓటు శ్రీలంకకే. బంబరకంద 263 మీటర్లు, ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తైనది. దియలుమ 220 మీటర్లు. బదుల్లా దగ్గర దున్‌హింద 64 మీటర్లు, దానిదాకా అడవి దారిలో నడవాలి. ఎల్లా దగ్గర రావణ జలపాతం 25 మీటర్లే కానీ బస్సు రోడ్డు పక్కనే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, తుంపర మొహాన పడుతుంది. ఒకే కొండ ప్రాంతంలో ఇన్ని రకాలు ఉండటం వల్ల ఇంట్లో నడిచేవాళ్ళూ నడవలేనివాళ్ళూ కలిసి వెళ్ళొచ్చు.

దియలుమ పైన సహజంగా ఏర్పడిన నీటి గుంటలున్నాయి, ఫోటోల్లో అందరూ అంచున కూర్చుని కనబడతారు. ఆ అంచు కింద 220 మీటర్ల లోయ ఉందని ఫోటో చెప్పదు. పైన వాన పడితే గుంటల్లో నీరు ఉన్నట్టుండి పెరుగుతుంది. తడి అడవుల్లో జలగలు కూడా పడతాయి, పొడవు సాక్సు తీసుకెళ్ళండి.

గుహల విషయంలో శ్రీలంక దారి వేరు. దంబుల్లా గుహాలయం ప్రకృతి గుహ కన్నా బౌద్ధ క్షేత్రం. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దం నుంచి ఉన్న అయిదు గుహలు, లోపల నూట యాభైకి పైగా బుద్ధ విగ్రహాలు, పైకప్పు నిండా చిత్రాలు. 1991లో యునెస్కో జాబితాలో చేర్చారు. శాలిహుండం, రామతీర్థం బౌద్ధ అవశేషాలు చూసినవాళ్ళకు ఇది ఇంకో కోణంలో ఆసక్తి కలిగిస్తుంది. మన దగ్గర ఇటుక పునాదులే మిగిలాయి, అక్కడ పూజలు ఈనాటికీ జరుగుతున్నాయి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకుంటే అక్కడ పెద్ద తప్పు.

ఎల్లాలో రావణ గుహ ఉంది. సీతమ్మను రావణుడు అక్కడ దాచాడని స్థానికులు చెప్తారు, కాబట్టి మన పెద్దవాళ్ళు "తప్పకుండా చూడాలి" అంటారు. మెట్లు వందల్లో ఉంటాయి, నిటారుగా ఉంటాయి, పైకెక్కాక గుహ చిన్నదే. భక్తితో వెళ్ళేవాళ్ళను ఆపను. గుహ కోసం వెళ్ళేవాళ్ళయితే ఆ పూట లిటిల్ ఆడమ్స్ పీక్ ఎక్కండి.

ప్రకృతి వింత అంటే హార్టన్ ప్లెయిన్స్‌లోని వరల్డ్స్ ఎండ్. పీఠభూమి ఒక్కసారిగా తెగిపోయి, కింద సుమారు 870 మీటర్ల లోయ. తొమ్మిది పది గంటలకల్లా మబ్బు కమ్మేస్తుంది, కాబట్టి తెల్లవారకముందే గేటు దగ్గర ఉండాలి. సిగిరియా రాతి కొండ కూడా ఈ కోవలోనిదే. దాదాపు 1,200 మెట్లు, మధ్యాహ్నం ఎండలో ఎక్కితే నరకం. అక్కడ సార్క్ దేశాల పాస్‌పోర్టుకు టికెట్‌లో రాయితీ ఉంటుంది, కౌంటర్లో పాస్‌పోర్టు చూపించండి.

ఖర్చులో ఎక్కువ భాగం వ్యానుకే పోతుంది. దీవి చిన్నదిగా కనబడినా కొండ రోడ్లలో వంద కిలోమీటర్లకు మూడు నాలుగు గంటలు పడుతుంది. నలుగురైదుగురు కలిసి డ్రైవరుతో వ్యాన్ మాట్లాడుకుంటే తల ఒక్కింటికి తగ్గుతుంది, ఇద్దరే వెళ్తే బరువు. క్యాండీ నుంచి ఎల్లా వెళ్ళే రైలు గురించి అందరూ చెప్తారు. అరకు రైలు ఎక్కినవాళ్ళకు అదేమీ కొత్త లోకం కాదు, టీ తోటలు తప్ప. 2025 నవంబరు ఆఖర్లో వచ్చిన దిత్వా తుపానుకు అక్కడి కొండ ప్రాంతాలు బాగా దెబ్బతిన్నాయి, కొండచరియలు పడ్డాయి, రైలు మార్గాలు తెగాయి. ఏ దారులు నడుస్తున్నాయో కనుక్కునే ప్లాన్ వేసుకోండి. వీసాకు ఆన్‌లైన్లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. దాని ఫీజు నిబంధనలు తరచు మారుతుంటాయి కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైట్లోనే చూడండి, బయట సైట్లలో డబ్బు కట్టకండి.

## బాలి: వేసవి సెలవులకు సరైనది, మెట్లు ఎక్కగలిగితే

మన స్కూళ్ళ సెలవులు మేలో, జూన్ మొదట్లో. సరిగ్గా అప్పుడు బాలిలో పొడి కాలం. బాలికి ఉన్న అసలు బలం ఇదే. మిగతా రెండు చోట్లా ఆకాశం వైపు చూసుకుంటూ తిరగాలి.

ఉబుద్ చుట్టుపక్కల తెగెనుంగన్, తిబుమన, కాంటో లాంపో జలపాతాలు గంట లోపు దూరాల్లో ఉంటాయి. తెగెనుంగన్‌లో జనం విపరీతం, ఉయ్యాల ఫోటోలకు, కేఫ్‌లకు వేరే డబ్బులు. నిజంగా జలపాతం చూడాలంటే ఉత్తరాన సెకుంపుల్. అడవి లోయలో జంటగా పడే పొడవాటి ధారలు. కిందికి వందల మెట్లు, కింద గెడ్డ దాటాలి, స్థానిక గైడును తీసుకోవాలి. వెళ్ళే దారిలో అనధికార కౌంటర్లు పెట్టి ఎక్కువ డబ్బు అడుగుతారని యాత్రికులు ఫిర్యాదు చేస్తుంటారు. అసలు పార్కింగ్ దాకా ఆగకుండా వెళ్ళండి.

గుహల్లో గోవా గజా పదకొండో శతాబ్దం నాటిది. ద్వారం చెక్కడం బాగుంటుంది, లోపల చిన్న గది. గోవా లావా వేల గబ్బిలాలున్న గుడి. నాకు నచ్చేది నూసా పెనిడా దీవిలోని గిరి పుత్రి. రాతి మధ్య మనిషి కూర్చుని దూరాల్సినంత సందు, దూరాక లోపల పెద్ద మంటపమంత చోటు, అక్కడే హిందూ పూజలు. మన పెద్దవాళ్ళకు అక్కడ పరాయి దేశంలో ఉన్నట్టు అనిపించదు. ఇరుకు చోట్లంటే భయపడేవాళ్ళు బయటే ఉండటం మంచిది.

నూసా పెనిడాలోనే కెలింగ్‌కింగ్ కొండ అంచు, బ్రోకెన్ బీచ్, ఏంజెల్స్ బిల్లబాంగ్. సనూర్ నుంచి స్పీడ్ బోటులో ముప్పావు గంట, తర్వాత గతుకుల రోడ్లు. కెలింగ్‌కింగ్‌ను పైనుంచి చూసి వచ్చేయండి. కింద బీచ్‌కు దిగే దారి నిటారుగా ఉంటుంది, అలలు మనుషుల్ని లాగేసిన ఘటనలున్నాయి. బిల్లబాంగ్ గుంటలో నీరు అద్దంలా ఉన్నా, పెద్ద అల ఎప్పుడు గోడ దూకుతుందో తెలియదు.

ఖర్చులో విమానం టికెట్టే పెద్దది. విశాఖ నుంచి సింగపూర్ మీదుగా వెళ్ళడం మన వాళ్ళకు తేలిక. వీసా ఆన్ అరైవల్‌కు 5,00,000 రుపయ్యాలు, 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ యాత్రికుల పన్ను ఇంకో 1,50,000 రుపయ్యాలు. సున్నాలు చూసి కంగారు పడకండి, మన డబ్బుల్లో రెండూ కలిపి కొన్ని వేలే. స్కూటర్ అద్దెకు తీసుకునే కుర్రాళ్ళకు ఒక హెచ్చరిక: అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. మార్చిలో వచ్చే న్యేపి (బాలి వాళ్ళ కొత్త సంవత్సరపు మౌన దినం) రోజున దీవి మొత్తం, ఎయిర్‌పోర్టుతో సహా, 24 గంటలు మూత. కొన్నేళ్ళు మన ఉగాది దగ్గర్లోనే వస్తుంది, తారీఖు చూసుకోండి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూసుకోవాల్సింది | అండమాన్ | శ్రీలంక | బాలి |
|---|---|---|---|
| గుహలు | చిన్నవి, చీకటి, సహజం | గుహాలయాలు, చరిత్ర | గుడి గుహలు, గిరి పుత్రి ప్రత్యేకం |
| జలపాతాలు | దాదాపు లేనట్టే | అన్నిటికన్నా మిన్న | బాగున్నాయి, మెట్లు ఎక్కువ |
| సముద్రపు వింతలు | పగడాలు, రాతి వంతెన | మామూలు | కొండ అంచులు |
| పడవ ప్రయాణం | తప్పదు | అక్కర్లేదు | నూసా పెనిడాకు మాత్రమే |
| పాస్‌పోర్టు | అక్కర్లేదు | కావాలి | కావాలి |
| మన భోజనం | సులువు | అన్నం, కొబ్బరి కూరలు. సర్దుకోవచ్చు | ఉబుద్‌లో, కుటాలో దొరుకుతుంది |

లక్షద్వీప్ ఈ పట్టికలో ఎందుకు లేదంటే, అవి నీటికి కాస్త పైన తేలినట్టుండే పగడపు దీవులు. కొండే లేని చోట జలపాతం ఎక్కడిది? మడుగు, పగడాలు మాత్రమే కావాలనుకుంటే చూడండి. పర్మిట్ కావాలి, దారి కొచ్చి మీదుగా, మనకు దేశం అటు చివర.

## ఎవరికి ఏది

అమ్మానాన్నలను తీసుకెళ్ళేవాళ్ళకు: పడవ పడకపోతే శ్రీలంక. వ్యాను గుమ్మం దగ్గరికి వస్తుంది, రావణ జలపాతం, దంబుల్లా చూపించొచ్చు. దంబుల్లాలోనూ మెట్లున్నాయి కానీ మధ్యలో కూర్చుంటూ ఎక్కొచ్చు. పడవ పడితే, భాష గురించి భయం ఉంటే అండమాన్. అయితే బారాటాంగ్ వాళ్ళకు వద్దు. తెల్లవారుజాము ప్రయాణం, ఎగుడుదిగుడు నడక రెండూ కలిసి మర్నాడు కూడా లేవనివ్వవు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, రైల్వే వాళ్ళకు లెక్క ఇంకోలా ఉంటుంది. అండమాన్‌కు ఎల్‌టీసీ (ఉద్యోగులకు ఇచ్చే సెలవు ప్రయాణ రాయితీ) మీద విమాన ప్రయాణానికి ప్రత్యేక సడలింపును కేంద్రం ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తోంది. మీకు వర్తిస్తుందో లేదో ఆఫీసులో తాజా ఉత్తర్వు చూసుకోండి. వర్తిస్తే అండమాన్‌తో పోటీపడగల దీవి లేదు, విదేశాలకు ఎల్‌టీసీ రాదు కదా.

కొత్తగా పెళ్ళైనవాళ్ళు మాఘమాసం ముహూర్తాలైతే అండమాన్, వైశాఖం, జ్యేష్ఠమైతే బాలి. ఇందులో పెద్దగా ఆలోచించాల్సిందేమీ లేదు.

కాలేజీ పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు నలుగురైదుగురు జట్టుగా వెళ్తే డబ్బుకు తగ్గ అనుభవం శ్రీలంకలో దొరుకుతుంది. జలపాతాలు, కొండ నడకలు, బస్సులు చవక. ఈత వచ్చి, స్కూబా మీద మోజుంటే అండమాన్ వేపు తిరగండి. స్కూబా చేసిన రోజు విమానం ఎక్కకూడదు, కనీసం 18 గంటలు ఎడం ఉండాలి, ఒక రోజు ఆగితే ఇంకా మంచిది.

ఆరేడేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళకు షహీద్ ద్వీప్ గుంటల్లో చేపలు చూపించడం కన్నా మంచి ప్రకృతి పాఠం ఈ మూడు చోట్లా లేదు. చచ్చిన పగడమైనా, గవ్వ పెంకైనా బ్యాగులో వేసుకోనివ్వకండి. ఎయిర్‌పోర్టులో స్కానర్‌లో దొరుకుతుంది, తీసేసుకుంటారు, కేసు కూడా కావచ్చు.

ఇప్పటిదాకా బొర్రానే చూడనివాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ ఏడాది దీవి మాట పక్కన పెట్టి ముందు కిరండూల్ రైలుకు విస్టాడోమ్ టికెట్ తీసుకోండి. బొర్రాలో దిగి గుహ చూసుకుని, జీపు మాట్లాడుకుని కటికికి వెళ్ళండి. గుహల్లో మీకు ఊపిరాడుతుందా, మెట్లు ఎక్కగలరా, తడి రాయి మీద కాలు నిలుస్తుందా అన్నది ఒక్కరోజులో తెలిసిపోతుంది. అది తెలిశాక పై పట్టికలో మీ వరస ఏదో మీకే కనబడుతుంది.

## బుకింగ్ ఏ వరసలో

అండమాన్‌కైతే ముందు విమానం, వెంటనే దీవుల మధ్య ఫెర్రీలు, ఆ తర్వాతే హోటళ్ళు. డిసెంబరు, జనవరిల్లో గదులు దొరుకుతాయి కానీ ఫెర్రీ సీట్లు దొరకవు. తిరుగు విమానానికి ముందురోజు రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండేట్టు చూసుకోండి, స్వరాజ్ ద్వీప్ నుంచి అదే రోజు వచ్చి విమానం ఎక్కుదామని లెక్కవేయకండి. శ్రీలంకకు ముందు విమానం, తర్వాత వ్యాను. గదులు డ్రైవరు దారిని బట్టి. బాలికి ముందు పాస్‌పోర్టు గడువు చూడండి, చేరే రోజుకు ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలి. పోలీసు వెరిఫికేషన్‌తో కలిపి రెన్యువల్‌కు పట్టే సమయం లెక్కవేసుకుని, వేసవి ప్రయాణానికి సంక్రాంతి నాటికే ఆ పని మొదలుపెట్టాలి.